దుబాసీకి పని లేని తొమ్మిది రోజులు

మా ఇంట్లో నా పేరు రేడియో. ఆపడానికి మీట లేని రేడియో అంటాడు మా ఆయన. గుంటూరులో ముప్పై ఏళ్లు కాలేజీ పిల్లలకు ఇంగ్లిషు చెప్పి పోయినేడు రిటైరయ్యాక, వినేవాళ్లు తగ్గిపోయి నాకు దిగులు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కరీంనగర్ నుంచి నా పాత విద్యార్థిని ఫోను చేసింది. చెవిటి పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థ వాళ్లది. కెన్యా నుంచి ఒక టీచరు తన ఖర్చులతో, జీతం తీసుకోకుండా సాయం చేయడానికి వస్తోందనీ, తొమ్మిది రోజులు ఆమె వెంట తిరుగుతూ ఇంగ్లిషును తెలుగులోకీ తెలుగును ఇంగ్లిషులోకీ మార్చే మనిషి కావాలనీ చెప్పింది. అంటే దుబాసీ ఉద్యోగం! ఎగిరి గంతేసి బట్టలు సర్దుకున్నాను.

ఆ టీచరుకు కూడా చెవులు వినపడవని బస్సెక్కాక తెలిసింది. నాలుగేళ్ల వయసులో జ్వరమొచ్చి వినికిడి పోయిందట. ఆమె ఫోనులో ఇంగ్లిషులో టైపు చేస్తుంది, దాన్ని నేను తెలుగులో చదివి వినిపించాలి. ఎదుటివాళ్లు చెప్పింది నేను టైపు చేసి చూపాలి. ముప్పై ఏళ్లు సానబట్టిన నా ఉచ్చారణ గంగలో కలిసిందని దారి పొడవునా ఉసూరుమన్నాను.

కరీంనగర్: గట్టి గట్క

మేం దిగింది రూతక్క ఇంట్లో. ఆమె రిటైరైన నర్సు. మెథడిస్టు చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు, డిసెంబరు మొదటివారానికే గుమ్మం మీద కాగితపు నక్షత్రం. కెన్యా టీచరు నాకంటే ముందే వచ్చి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముప్పై అయిదేళ్లుంటాయి, పొడుగు మనిషి, తలనిండా సన్నసన్నటి జడలు. పేరు న్జేరి.

"గా పేరు పలుకుడు నాతోని గాదు. జేరక్క అంట, గంతే," అని రూతక్క అప్పటికే తేల్చేసింది. తొమ్మిది రోజులూ అందరికీ ఆమె జేరక్కే అయింది.

రాత్రి భోజనం ముందు రూతక్క నన్ను పక్కకు పిలిచింది. "నిజం జెప్పు చెల్లె, గామె మన గట్క తింటదా? బ్రెడ్డు తెప్పియ్యన్నా?"

గట్క అంటే మక్కజొన్న రవ్వతో వండే సంకటి. మా వైపు మొక్కజొన్న అంటే బండి మీద కాల్చిన కంకి, కాకపోతే కోళ్ల మేత. పచ్చిపులుసుతో గట్క నా ముందు పెట్టినప్పుడు నా మొహం ఎలా మారిందో నేను చూసుకోలేదు గానీ రూతక్క చూసింది. జేరక్క మాత్రం పళ్లెం చూడగానే నిటారుగా కూర్చుంది. ఓ ముద్ద తుంచి, అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో నడుమ గుంట నొక్కి, ఆ గుంటలో పులుసు ముంచుకుని నోట్లో వేసుకుంది. తర్వాత టైపు చేసింది: "మా ఇంట్లో రోజూ తినేది ఇదే. మీరు కాస్త మెత్తగా వండారు."

దుబాసీ ధర్మం కదా, అక్షరం పొల్లుపోకుండా చెప్పేశాను.

"మెత్తగనా! నలభై ఏండ్ల సంది వండుతున్న!" రూతక్కకు ఎక్కడో కాలింది.

మర్నాడు వంటింట్లో జేరక్కే గరిట పట్టింది. పిండి పోసి, చెయ్యి నొప్పెట్టేదాకా కలిపి, చాకుతో కోయాల్సినంత గట్టిగా దించింది. రూతక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "దీంతోని గోడ కట్టొచ్చు," అంది. అని, రెండోసారి పెట్టించుకుంది.

సిరిసిల్ల: ఒక్కసారిగా ఆగిన సాంచలు

మూడో రోజు సిరిసిల్ల వెళ్లాం. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచలంటారు, అవి నడిచే షెడ్డును కార్ఖానా అంటారు. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడని మోత. ఓ కార్ఖానాలో పన్నెండు మంది పనిచేస్తున్నారు. వాళ్లలో రాజేశం అనే నేతకారుడు పుట్టు చెవిటివాడు. నలభై అయిదేళ్ల వయసు, గుబురు మీసం. ఎనిమిది సాంచలు ఒక్కడే చూసుకుంటాడు. సంస్థవాళ్లు జేరక్కను ఆయనకు పరిచయం చేయమన్నారు. ఆయన భార్య భూలక్ష్మి ఇంట్లో సాంచలకు దారపు కండెలు చుడుతుంది. ఆమెకు చెవులు వినపడతాయి, మొగుడి సైగలన్నీ వచ్చు కాబట్టి మాకు తోడు వచ్చింది.

లోపల అడుగుపెట్టగానే జేరక్క నన్ను అడగకుండానే గోడ దగ్గరికెళ్లి లైటు స్విచ్చి రెండుసార్లు ఆర్పి వెలిగించింది. వాళ్ల బడిలో ఎవరినైనా పిలవాలంటే అలాగే చేస్తారట. చెవిటివాళ్లు నిండిన గదిలో అరిస్తే లాభమేముంటుంది.

పన్నెండు మందీ ఒకేసారి మీటలు లాగేశారు. సాంచలన్నీ ఆగిపోయాయి. ఆ కార్ఖానాలో లైటు రెండుసార్లు ఆరితే ఎవరి చెయ్యో యంత్రంలో పడ్డట్టు గుర్తు! మోతలో కేక వినపడదు కనుక వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. కార్ఖానా యజమానిని ఆసామి అంటారు. ఆయన సగం గీసిన గడ్డంతో, సబ్బు నురుగుతో పరుగెత్తుకొచ్చాడు. "ఎవలికైంది? ఎవని చెయ్యి?"

మోత ఆగిన సంగతి జేరక్కకు వినపడదు కదా, అరికాళ్ల కింద నేల వణకడం ఆగిపోయినందుకు గాభరా పడి గోడ మీద చెయ్యి వేసి చూస్తోంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఒక్క రాజేశానికి తప్ప. ఆయన పడీ పడీ నవ్వాడు. తన ఇంటివైపు చూపించి, స్విచ్చి ఆర్పి వెలిగించినట్టు చేసి, భార్యను చూపించాడు.

"మా ఇంట్ల గిట్లనే పిలుస్త. లైటు ఆర్పితెనే గీయన తినుడుకు లేస్తడు," అంది భూలక్ష్మి.

ఆసామి మొహం మాడ్చుకున్నాడు. అన్నీ ఒక్కసారి ఆపడంతో దారాలు తెగాయి మరి. జేరక్క విషయం అర్థమై చేతులు జోడించింది. తర్వాత బయటికి పోకుండా తెగిన దారం ముడివేయడం నేర్పమని రాజేశాన్నే అడిగింది. ఆయన రెండు వేళ్ల మధ్య చిటికెలో వేసే ముడి ఆమెకు మధ్యాహ్నం దాకా పట్టుబడలేదు. పన్నెండు మందీ వంతులవారీగా వచ్చి ఎగతాళి చేసి పోయారు, అదీ చేతులతోనే. దారం తెగిందంటే రెండు వేళ్ల కత్తెర, ఛాయ్ అంటే పిడికిలి నోటికి, ఆసామి వస్తున్నాడంటే పొట్ట ముందు గుండ్రంగా అరచెయ్యి. సగం సైగలు ఆ మోతలో పుట్టినవి, మిగతా సగం రాజేశం నేర్పినవి.

బయట ఛాయ్ తాగుతున్నప్పుడు ఓ పెద్ద వయసు నేతకారుడు నాతో అన్నాడు: "రాజేశం చెవిటోడని బయటోల్లంటరు మేడం. కార్ఖానల అడుగువెట్టినంక అందరం చెవిటోల్లమే. గాయన మాకన్న మంచిగ మాట్లాడుతడు."

నేను మాత్రం చేతిలో ఫోను పట్టుకుని దండగమారి మనిషిలా నిలబడ్డాను. రాజేశం ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు పెడతాడు. జేరక్కకు జడలు. నాకు నాలుగు వేళ్లూ బొటనవేలూ పక్షి ముక్కులా టపటపలాడించాడు. ఎవరూ తర్జుమా చెప్పకపోయినా నాకు అర్థమైంది.

మర్నాడు ఆదివారం. సిరిసిల్ల బస్టాండు పక్కన ఓ ఛాయ్ బండి దగ్గర ప్రతి ఆదివారం చెవిటివాళ్లు కలుస్తారని రాజేశం తీసుకెళ్లాడు. ఇరవై మందికి పైనే ఉన్నారు. జమ్మికుంట మార్కెట్లో పత్తి బస్తాలు మోసే హమాలీ, కరీంనగర్ నుంచి వచ్చిన కుట్టుమిషను అమ్మాయి, కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. బండివాడు ఎన్ని ఛాయ్‌లో వేళ్లతోనే అడిగి, పది రూపాయల గ్లాసులు వేళ్లతోనే లెక్కపెట్టి ఇచ్చాడు. జేరక్క మన దేశపు సైగల భాషను మూడు నెలలు వీడియోలు చూసి నేర్చుకుని వచ్చింది. వాళ్లు ఆమె చేతులు పట్టుకుని తప్పులు దిద్దారు. ఆమె నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకుంది. అంత సందడిగా ఉన్న గుంపును నేను ఈమధ్య ఎక్కడా చూడలేదు, చప్పుడు మాత్రం లేదు.

నాకు ఒళ్లు మండిన సోమవారం

అసలు జేరక్కను పిలిపించింది ఒక పిల్ల కోసం. ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర ఓ పల్లెలో పత్తి రైతు భూమన్న కూతురు వైష్ణవి. తొమ్మిదేళ్లది, పుట్టు చెవిటిది, బడి మొహం చూడలేదు. హాస్టలుకు పంపమని సంస్థవాళ్లు రెండుసార్లు అడిగితే భూమన్న ససేమిరా అన్నాడు. మిగిలిన రోజులు జేరక్క ఆ పిల్లకు సైగలు నేర్పుతుందని అందరం అనుకున్నాం.

జేరక్క టైపు చేసింది: "రాజేశం వస్తేనే నేను వెళతాను. నేర్పేది ఆయనే. నేను నేర్పను."

నాకు ఒళ్లు మండింది. సముద్రం దాటి వచ్చిన మనిషికి ఒక పసిపిల్లకు నాలుగు మాటలు నేర్పడానికి చెయ్యి రాదా? ఆ మాటే మెత్తబరచకుండా టైపు చేసి ఆమె మొహం ముందు పెట్టాను.

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత చాలాసేపు రాసింది. ఆమె చదివిన బడికి ప్రతి సెలవుల్లోనూ వేరే వేరే దేశాల నుంచి మంచి మనుషులు వచ్చేవారట. ఎవరి దేశపు సైగలు వాళ్లు ప్రేమగా నేర్పేవారు. మూడు వారాలకో మూడు నెలలకో కౌగిలించుకుని ఏడ్చి వెళ్లిపోయేవారు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ సైగలు తెలిసేవి కావు. "పదేళ్లు వచ్చేసరికి ఐదు దేశాల చేతులతో శుభోదయం చెప్పగలిగేదాన్ని. కడుపు నొప్పిగా ఉందని చెబితే తెలిసే మనిషి మా ఊళ్లో ఒక్కరూ లేరు. శుక్రవారం నేను వెళ్లిపోతాను. రేపటి నుంచి ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలో వాళ్లే నేర్పాలి."

నాకు సిగ్గేసింది. క్షమించమని టైపు చేస్తే నా చెయ్యి నొక్కి, ఇక ఛాయ్ తాగుదామన్నట్టు పిడికిలి నోటి దగ్గర పెట్టింది.

రాజేశానికి సంగతి చెబితే వెంటనే సరే అన్నాడు గానీ సాంచలెవరు చూస్తారని ఆగాడు. పక్క సాంచల మీది నలుగురు వచ్చి తలా రెండు పంచుకున్నారు. "గా పిల్లకాడికి పో. నీ సాంచల ఫికర్ జెయ్యకు," అని వాళ్లు చేతులతో అంటే భూలక్ష్మి నాకు చెప్పింది.

బోథ్ దారిలో

నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి చలి ఎముకల్లోకి దిగింది. మా గుంటూరులో డిసెంబరంటే ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకోవడం. అక్కడ బస్సులో అందరూ మఫ్లర్లు కట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టుకున్నారు. కెన్యా మనిషి వణికిపోతుందని నేను శాలువా పట్టుకెళ్తే, వాళ్లది కొండప్రాంతమట, కిటికీ తీసి హాయిగా గాలి పీల్చింది. శాలువా నేనే కప్పుకున్నాను. దిగిన చోట ఉడకబెట్టిన అనపకాయలు పొట్లం ఇరవై రూపాయలకు కొని, మాతో వచ్చిన భూలక్ష్మితో కలిపి నలుగురం తిన్నాం. రాజేశం పాలిస్టర్ బట్ట నేసే మనిషి, పత్తిచేలు విరగబూసి కనపడేసరికి బస్సులోంచి ఫొటోలు తీస్తూనే వచ్చాడు.

భూమన్న ఇల్లు: ముప్పై ఏడు

భూమన్న మమ్మల్ని చూసి మొదట సంతోషించాడు, సంచులు చూసి నిరాశపడ్డాడు. "మిషిను తెస్తరన్నరు మేడం. చెవులకు వెట్టంగనే మాటలొస్తయన్నరు."

"ఎవరన్నారండీ?"

"ఊల్లె అన్నరు."

అలాంటిదేమీ లేదని నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన తల దించుకున్నాడు. కూతురంటే ప్రాణం ఆయనకు. ఊళ్లోవాళ్లు మూగి అని పిలిస్తే, వైష్ణవి అని పేరు పెట్టుకున్నానని గొడవకు దిగుతాడట. "హాస్టల్ల ఏస్తే ఆకలైనా, ఎవలన్న కొట్టినా చెప్పుకోలేదు. ఎట్ల తోలుడు? నా కండ్ల ముంగటుంటె నాకు తెలుస్తది." ఆయన భయంలో నాకు తప్పేమీ కనపడలేదు. నేనైనా పంపేదాన్ని కాదు.

భార్య సుజాత జొన్నరొట్టెలు, శనగపిండితో చేసిన పిట్ల పెట్టింది. పిట్ల అక్కడివాళ్లు మరాఠీ చుట్టాల దగ్గర నేర్చుకున్న వంట. నేను వాతలు తేలిన ఆ రొట్టెలు నాలుగు తిన్నాను. వైష్ణవి గుమ్మం వెనక నుంచి జేరక్క జడలు చూస్తోంది. సుజాత వంటింట్లోంచే పిల్లతో ఏదో సైగ చేసింది. పిల్ల వెళ్లి కారం డబ్బా తెచ్చింది.

జేరక్క తినడం ఆపి నోటు పుస్తకం తీసింది. ఆ పూటా, మర్నాడు పొద్దుటి దాకా చేసిన పని అదొక్కటే: తల్లీ కూతుళ్ల మధ్య ఉన్న సైగలన్నీ రాసుకోవడం. కారం, మేక, జడ వెయ్యి, నాన్న కోపంగా ఉన్నాడు, వాన. ఒక్కోదానికీ బొమ్మ గీసి సుజాతకు చూపి, సరేనా అని అడిగింది. ముప్పై ఏడు తేలాయి.

"గివన్ని లెక్కలకొస్తయా?" సుజాత నోరు తెరిచింది. "నేనేదో నాకొచ్చినట్టు చేసుకుంట వస్తున్న."

జేరక్క టైపు చేసింది, నేను చదివాను: "వీటి మీదనే కట్టాలి. పిల్లకు మొదటి టీచరు మీరే."

సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, అవసరం లేకపోయినా ఇంకో రెండు రొట్టెలు చేసింది. భూమన్న మాత్రం మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. రాజేశాన్ని ఏమైనా అడగాలంటే ఆయన వైపు చూడకుండా భూలక్ష్మిని అడుగుతున్నాడు: "గాయన ఛాయ్‌ల చక్కెర ఎక్కువ తాగుతడా?" రాజేశం ఎదురుగానే ఉన్నాడు.

పత్తిచేను

ఎనిమిదో రోజు అందరం పత్తి ఏరడానికి పోయాం. కూలీలు దొరకని రోజులు, మేం నలుగురం అయినా ఆసరాయేనని సుజాత నడుముకు ఒడి కట్టి ఇచ్చింది. నేను ఒక సాలు పూర్తి చేసి నడుం పట్టుకుని గట్టు మీద కూలబడ్డాను.

రాజేశం అంతకంటే అన్యాయం. పాతికేళ్లుగా బట్ట నేస్తున్న మనిషి కాయలోంచి పత్తి తీయలేక వేళ్లు చీరుకున్నాడు. వైష్ణవి అది చూసి ఇంక ఉండబట్టలేక ఆయన పక్కన చేరింది. కాయను ఎలా పట్టుకోవాలో, మూడు వేళ్లతో ఒక్క లాగులో ఎలా తీయాలో చూపింది. ఆయన కావాలనే మరో రెండుసార్లు తప్పు చేశాడు. పిల్ల నెత్తి కొట్టుకుంది. ఒక సాలు చివరికి వెళ్లేసరికి ఆయన సైగ ఒకటి ఆమె, ఆమె సైగ ఒకటి ఆయన మార్చుకుంటున్నారు.

కాసేపటికి పిల్ల ఉన్నట్టుండి ఆయన మీసం పట్టుకుని లాగింది. తలమీది నెరసిన వెంట్రుకలు చూపింది. తన నోరు తెరిచి సగం మొలిచిన ముందుపన్ను ముట్టుకుంది. తర్వాత రెండు చెవులూ పట్టుకుని, అరచెయ్యి నేల మీది నుంచి తన తలకంటే ఎత్తుకు లేపి, ఆయన మొహంలోకి చూసింది.

సుజాత చేతులు ఆగిపోయాయి.

"ఏమంటోంది?" అన్నాను.

"పండ్లు ఊడి మల్ల మొలిచినట్టు... పెద్దగైతే చెవులొస్తయనుకున్నది మేడం. గింత పెద్దగైనవు, నీకింక రాలేదా అని అడుగుతున్నది."

మేం వచ్చేదాకా ఆ పిల్ల చూసిన పెద్దవాళ్లందరికీ చెవులు వినపడతాయి. చెవిటివాళ్లు పెద్దవాళ్లై కనపడటం ఇదే మొదలు. అందుకని అన్నాళ్లూ ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తోందని కన్నతల్లికి కూడా తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. సుజాత అక్కడే సాలు నడుమ కూలబడిపోయింది.

రాజేశం గొంతుక్కూర్చుని పిల్ల ఎత్తుకు వచ్చాడు. తల అడ్డంగా ఊపాడు. రావు. తొందరపడి వేరే మాట మాట్లాడలేదు, ఆమె చూస్తున్నంతసేపూ అలాగే ఊపాడు. వైష్ణవి గడ్డం వణికింది. అప్పుడు ఆయన మొదలుపెట్టాడు, భూలక్ష్మి పైకి చెప్పింది: "నాయి ఎనిమిది సాంచలు. ఇద్దరు పిల్లలు. పెద్దోడు ఇంటరు. బండి నడుపుత. నా పెండ్లాంతోని కొట్లాడితే నేనే గెలుస్త... అబద్ధం, గిది అబద్ధం మేడం!"

పిల్ల నవ్వలేదు. ఆయనను చూపింది, తనను చూపింది, తర్వాత చెయ్యి చేను చుట్టూ తిప్పింది. ఇంకా ఉన్నారా?

రాజేశం పది వేళ్లూ తెరిచాడు. మూశాడు, తెరిచాడు. మళ్లీ. మళ్లీ. రెండు సాళ్ల అవతల నుంచి జేరక్క వచ్చి పక్కన కూర్చుని తన పది వేళ్లూ తెరుస్తూ మూస్తూ కలిపింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి తప్పిపోయాను. వాళ్లు ఆపలేదు. "ఐతారం ఐతారం సిరిసిల్ల బస్టాండుకాడ గీల్లందరు కలుస్తరు," అని భూలక్ష్మి భూమన్నకు వినపడేలా చెప్పింది.

వైష్ణవి ఆ నాలుగు చేతుల వైపూ కాసేపు చూసి, సాళ్లకు అడ్డంగా పడి తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఆయన చొక్కా లాగి, రెండు పిడికిళ్లు గాల్లో పట్టుకుని, బస్సు చక్రం తిప్పినట్టు తిప్పింది. సిరిసిల్ల వైపు ఎటో తెలియక రాజేశం వైపే చూపించింది.

భూమన్న కూతురిని చూశాడు. ఏరాల్సిన చేను చూశాడు. "ఐతారం ఏరుడు వద్దు సుజాత, సోమారం ఏరుకుందం," అన్నాడు. తర్వాత భూలక్ష్మి వైపు తిరగకుండా నేరుగా రాజేశం వైపు తిరిగి, ఒడిలో పత్తి రాలిపోతుంటే పట్టించుకోక, తన రెండు చేతులూ లేపి చక్రం తిప్పబోయాడు. ఎడ్లబండి పగ్గాలు లాగుతున్నట్టు వచ్చింది.

వైష్ణవి తల అడ్డంగా ఊపి, తండ్రి పిడికిళ్లు రెండూ పట్టుకుని, ఎంత దూరంలో ఉంచాలో అంత దూరంలో ఉంచి, తనే తిప్పి చూపించింది. ఆయన మళ్లీ తిప్పాడు.